మా బావ కాలు, సర్కారు కార్డు

మా బావ కాల్లో ముల్లు దిగిన రోజు నేను నవ్వాను. బావ కుంటుకుంటూ వస్తుంటే నవ్వలేనివాడు బామ్మర్దిగా పుట్టడం దండగ. అది సీమజాలి ముల్లు, సర్కారు తుమ్మ అంటారే, దానిది. చెప్పు అడుగును చీల్చుకుని బొటనవేలి కింద దిగింది. మా అక్క పిన్నీసుతో దాన్ని లాగేసి, పసుపు అద్ది పంపితే ఆయన మళ్ళీ చేనికి పోయాడు. అక్కడితో అయిపోవలసిన సంగతి. కానీ బావకు చాలా ఏళ్ళుగా షుగరు. పాదాల్లో స్పర్శ ఎప్పుడో పోయింది. ఒకసారి ఆయన చెప్పులో తేలు దూరి, కుట్టి కుట్టి అదే అలిసిపోయి బయటికి వచ్చిందని, మా అక్క జాలిపడి దానికి మజ్జిగ పోసిందని నేను అందరికీ చెప్పేవాణ్ణి.

నాకు కళ్యాణదుర్గం బస్టాండు వెనక ఒక అంగడి ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుడతాను. మా వైపు బోర్లలో నీళ్ళు నిలవవు గనుక మోటార్లు ఉత్త గాలికి తిరిగి తిరిగి కాలిపోతాయి. రైతుల మోటారు కాలితేనే నా పొయ్యి వెలుగుతుంది, అందుకని వాన కోసం నేను ఏ దేవుడికీ కొబ్బరికాయ కొట్టను. తీగ చుట్టడం అయ్యేదాకా రైతులు బెంచీ మీద కూర్చోవాలి. వాళ్ళకు ఊసుపోవాలి. వెయ్యి అడుగులు దిగిన ఒక బోరులోంచి రిగ్గు గొట్టం కొసకు బళ్ళారి బస్సు టికెట్టు అంటుకుని పైకి వచ్చిందని చెబుతాను. ఆ టికెట్టు ఇంకా చెల్లుతుందని కండక్టరు ఒప్పుకున్నాడని కూడా చెబుతాను. ఎవరూ నమ్మరు. ఎవరూ లేచి పోరు.

బావది మా ఊరికి ఆటో దూరంలో ఉన్న పల్లె. మెట్ట భూమి, వేరుశనగ. ఆ కాలితో ఆయన ఏం చేశాడో అర్థం కావాలంటే, ముందు ఆయన చేనుకు ఏం జరిగిందో చెప్పాలి. ఇది నేను కల్పించింది కాదు. ఇంత అన్యాయమైన కథ అల్లడం నాకు చేతకాదు.

ఒక సంవత్సరం విత్తనం వేసేదాకా వానలు పడి, సరిగ్గా కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే సమయానికి మొహం చాటేశాయి. ఊరంతా చేతులెత్తేసింది. బావ మాత్రం ట్యాంకర్లతో నీళ్ళు కొన్నాడు. తను ఒక వైపు, అక్క ఒక వైపు పైపు పట్టుకుని చేను తడిపారు. చుట్టూ ఉన్న చేలన్నీ గోనెసంచి రంగుకు తిరిగితే ఈయనది ఒక్కటే పెళ్ళికొడుకులా పచ్చగా నిలబడింది. తర్వాత పంటల బీమా లెక్కకు మనుషులు వచ్చారు. వాళ్ళు ప్రతి చేనూ చూడరు. చీటీ తీసినట్టు ఊళ్ళో ఒకటో రెండో చేలు ఎంచుకుంటారు. అందులో తాడుతో చదరం కట్టి, ఆ చదరంలోని చెట్లు పీకి, కాయలు తూకం వేస్తారు. అక్కడ ఎంత పండితే ఊరంతా అంత పండినట్టే. చీటీ మా బావ చేను మీద పడింది. కాయలు గలగలమని రాలాయి. ఊరికంతటికీ బీమా పోయింది.

ఆ తర్వాత ఊళ్ళో చాలామంది ఆయనను పలకరించడం మానేశారు. పలకరించిన వాళ్ళ కంటే పలకరించని వాళ్ళే నయం.

"ఏమప్పా, నీ చేనికి నీళ్ళు తాపి మా నోట్లో మన్ను గొడితివే," అన్నాడు ఒకడు పాలకేంద్రం దగ్గర, అందరూ వినేలా.

ఎదురింటి ముసలామె ఇంకా మెత్తగా చంపేది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, "నాయనా, ఇంగా పచ్చగుండాదా నీ చేను?" అని అడిగేది. పంట పీకేసి, భూమి దున్నేసి, మళ్ళీ ఎండాకాలం వచ్చినా అడుగుతూనే ఉంది. ఒక రాత్రి ఎవరో గొర్రెల మందను ఆయన చేలోకి తోలారు. ట్యాంకర్లకు పెట్టింది పోను ఆయనకు మిగిలింది కూడా ఏమీ లేదు.

అప్పటి నుంచి మా బావకు ఒక శాసనం ఏర్పడింది. "సగం ఎండనిచ్చినోడు నాశనమైపోతాడు రా. ఎండితే పూర్తిగా ఎండాల. అప్పుడే సర్కారు కండ్లకు కనిపిస్తాది." పెళ్ళిలో చెప్పేవాడు, చావులో చెప్పేవాడు. ఆయన చెప్పేది తప్పని మా వైపు ఎవరూ అనలేదు. అనడానికి లేదు కూడా.

ముల్లు దిగిన చోట కొన్నాళ్ళకు పుండు పడింది. చిటికెన వేలు పట్టేంత గుంట. అక్క ఫోన్ చేసింది.

"రేయ్, మీ బావ కాలు వాసన కొడతాంది."

"ఎప్పుడు కొట్టలేదక్కా?"

"నగొద్దు రా. కుక్క వచ్చి మంచం కాడ నిలబడతాంది."

నేను పోయి చూశాను. అక్క వేపాకు కాచిన నీళ్ళతో ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కడుగుతోంది. బావ ఫోన్‌లో మార్కెట్ ధరలు చూసుకుంటున్నాడు, కాలు ఎవరిదో అయినట్టు. ఊళ్ళో నర్సమ్మ కట్టు కట్టినంత కాలం కట్టి, ఇక తన వల్ల కాదు, అనంతపురం పొమ్మంది. పెద్దాసుపత్రికి పోయారు. అక్కడ కట్టు ఉచితమే. దారి ఉచితం కాదు. ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సు ఉచితం గనుక అక్క హాయిగా కూర్చునేది, పుండు ఉన్నవాడు టికెట్టు కొనేవాడు.

"కాలైనా ఆడదై పుట్టింటే బాగుండు," అన్నాడు బావ.

పోను రాను ఒక రోజు పోతుంది. దూది బయట కొనమంటారు. వరస కదిలేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటుతుంది. రెండుసార్లు పోయి మానేశాడు. అప్పుడు నేను వాళ్ళను వెంటబెట్టుకుని సర్కారు ఆరోగ్య కార్డు చెల్లే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాను. అద్దాల తలుపులు, చల్లటి గాలి, గోడ మీద నవ్వుతున్న ముసలివాళ్ళ ఫోటోలు. కార్డుల కౌంటరులో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మా వైపు పిల్లే, మాటలో తెలిసిపోతుంది.

బావ కార్డు తీశాడు. దాన్ని ఆయన పట్టాదారు పుస్తకం కంటే భద్రంగా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంటాడు.

"కార్డు అడ్మిట్ అయితేనే పెద్దాయనా," అంది ఆ అమ్మాయి. "కట్టు కట్టించుకుని ఇంటికి పోయేదానికి రాదు. కట్లకు, మందులకు, పరీక్షలకు మీరే కట్టుకోవాల."

"ఎన్నాళ్ళు?"

"దినం మార్చి దినం రావాలని సార్ రాసినారు. మానేదాకా."

"మరి కార్డు దేనికొస్తాది పాపా?"

"ఆపరేషన్‌కు వస్తాది. ఒకవేళ ముదిరి వేలు తీసేయాల్సొస్తే, అంతా ఉచితం."

బావ కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటే వేలు నిలబెట్టుకుంటే నా దుడ్లు. వేలు తీసేస్తే సర్కారు దుడ్లు."

"అట్ల కాదు పెద్దాయనా..." అని ఆ అమ్మాయి ఆగి, కంప్యూటరు వైపు చూసి, "అట్లనే," అంది.

అప్పుడు బావ మొహం చూడాలి. తెలియని ఊళ్ళో సొంత ఊరి మనిషి ఎదురైతే వెలుగుతుందే, అలా వెలిగింది. డాక్టరు మంచి కుర్రాడు. పుండును గీకి, కడిగి, కట్టు కట్టి, "మానకుండా వస్తే వేలు నిలబడుతుంది, నాది పూచీ" అని కూడా అన్నాడు. బావ తలాడించాడు. ఆ ఒక్క కట్టుకు డబ్బు కట్టాడు. తిరిగి బస్సెక్కాక కిటికీ పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"ఈ రూలు నాకు తెలిసిందే రా. ఇది శెనిక్కాయ రూలే."

"ఏం రూలు?" అంది అక్క.

"ఊరికే ట్యాంకర్లు తోలొద్దని."

"నీది చేను కాదు సామీ, కాలు."

"రెండూ నాయే కదమ్మే."

నేను నవ్వాను. అక్క నా వైపు చూసిన చూపుకు ఇంకొకడైతే బస్సు దిగిపోయేవాడు.

ఆయన మళ్ళీ కట్టుకు పోలేదు. అక్క వేపనీళ్ళు, పాత పంచె చింపిన గుడ్డలు. ట్రాక్టరు టైరుతో కుట్టించిన చెప్పులో బొటనవేలి దగ్గర ఒక కిటికీ కోయించుకుని, అది వేసుకుని నా అంగడికి వచ్చేవాడు. ఒక కాలిన మోటారు మీద కాలు చాపి పెట్టేవాడు. ఈగలు మోటారు మీద నుంచి లేచి ఆయన మీద వాలేవి. బెంచీ మీద వాళ్ళు ముక్కు మూసుకుని అడిగేవాళ్ళు, బావ చెప్పేవాడు. నేను ఆశ్చర్యపోయింది అక్కడే. అంతమందిలో ఒక్కడు కూడా ఆయనను తిట్టలేదు.

"నిజమే గదా," అన్నాడు గొర్రెలు మేపే ఒకాయన. "కట్టుకు పెట్టినదంతా నీళ్ళలో పోసినట్లే. ముదిరితే ఎట్లన్నా కార్డు ఉండాది."

"మా చిన్నాయన కంటి పొరకు గూడా అంతే," అన్నాడు ఇంకొకడు. "ముదిరినాక రమ్మన్నారు. ముదరనిచ్చినాము."

"కనపడతాండాదా ఇప్పుడు?"

"ఒక కన్ను కనపడతాది."

"ఒకటి చాల్లే. గొర్రెకు రెండున్నా బాయిలో పడతాది."

అందరూ నవ్వారు. బావ అందరికంటే గట్టిగా నవ్వాడు.

నేను చేయగలిగింది నేను చేశాను. కథ చెప్పాను. యాడికి అనే ఊళ్ళో ఒకాయన ఇలాగే వేలి పుండును వదిలేస్తే ఆ వేలు ఒక తెల్లవారుజామున రాలి, చెప్పులోంచి జారి, ఊరి వీధిలో పడితే కాకి ఎత్తుకుపోయి ఆయన మామగారి ఇంటి కప్పు మీద వేసిందని, మామ అల్లుడి వేలిని ఉంగరం మచ్చ చూసి గుర్తుపట్టి వెంటనే కబురు పంపాడని. బొటనవేలికి ఉంగరం ఎందుకని ఎవరూ అడగలేదు.

బావ బీడీ ఆర్పి, "బామ్మర్దీ, నీ కథల్లో అంగం పోయినోడు ఎప్పుడూ యాడికి వాడే ఎందుకుంటాడు రా?" అన్నాడు.

"ఆ ఊరోళ్ళు మా అంగడికి రారు బావా. కొట్టేదానికి దూరం."

"నన్ను బెదిరించాలంటే ఇంగొంచెం దగ్గరి ఊరు చూసుకో."

వేలు నల్లబడింది. తర్వాత పక్క వేలు. ఆయన రోజూ గుడ్డ విప్పి చూసుకునేవాడు. తెల్లటి చోట నుంచి నల్లటి చోటు ఎంత పెరిగిందో, చేను ఎటు నుంచి ఎండుతోందో చూసే రైతులాగే చూసేవాడు. "ఇంగా కాదు," అనేవాడు. అక్క కడుగుతూనే ఉంది. ఆమె చేతులకు వేపనీళ్ళ పసుపు రంగు పట్టి పోలేదు. ఒకసారి ఆమె నాతో మెల్లగా అంది: "రేయ్, ఆ వేలు నేను పట్టుకుంటే కదిలినట్లుండేది. నిన్నటి నుంచి కదలడం లేదు."

జ్వరం వచ్చింది. ఒళ్ళంతా వణికి, మాట తడబడి, బావ మంచం మీద నుంచి లేవలేకపోయాడు. ఆటోలో వేసుకుని అదే ఆసుపత్రికి పోయాం. దారి పొడవునా నేను మాట్లాడలేదు. మా అక్కకు అది చూసి భయమేసిందని తర్వాత చెప్పింది.

ఈసారి కార్డు ఒక్క మాటతో చెల్లింది. మంచం ఇచ్చారు. సూదులు పొడిచారు. రెండో రోజుకు జ్వరం తగ్గి బావకు మనుషులు తెలిశారు. కళ్ళు తెరిచి మొదట అడిగింది, "కార్డు తీసుకున్నారా?" తీసుకున్నారని చెబితే తృప్తిగా మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

అదే డాక్టరు వచ్చాడు. ఈసారి పూచీ మాట ఎత్తలేదు. మంచం అంచున నిలబడి రెండు దారులు చెప్పాడు. కాల్లోకి రక్తం పోయే నాళాలు మూసుకుపోయాయి. ఒక పరీక్ష చేసి, తీగ పంపి వాటిని తెరిస్తే, పాదం ముందు భాగం మాత్రమే పోతుంది. మడమ మిగులుతుంది. మడమ మిగిలితే మనిషి సొంత కాలి మీద ఇంట్లో తిరుగుతాడు, చేనుకు కూడా పోతాడు. కానీ ఆ పరీక్షకు, తీగకు సర్కారు ఇచ్చేది కొంతే. మిగతాది రోగి వాటా. ఆ దారి వద్దనుకుంటే మోకాలి కింద తీసేయాలి. దానికి రోగి కట్టవలసింది ఏమీ లేదు.

"రేపు పొద్దున్నే చెప్పండి. విషం పైకి పాకుతోంది," అని వెళ్ళిపోయాడు.

బావ పైకప్పు కేసి చూస్తూ పడుకున్నాడు. తర్వాత కౌంటరు అమ్మాయిని పిలిపించాడు. ఆమె కాగితాలు పట్టుకుని వచ్చింది.

"పాపా, ఒకటి చెప్పు. వాటా కట్టి మడమ మిగిలిచ్చుకుంటా అనుకో. అది మళ్ళా కుళ్ళిందనుకో. అప్పుడు కార్డు పనికొస్తాదా?"

"మళ్ళా అర్జీ పెట్టాల పెద్దాయనా. పైనుంచి ఒప్పుకుంటే వస్తాది."

"ఒప్పుకోకుంటే?"

"మీరే కట్టుకోవాల్సి వస్తాది."

"మోకాలి కింద తీసేస్తే మళ్ళా కుళ్ళేదానికి ఏమీ ఉండదు గదా?"

ఆ పిల్ల చేతిలోని కాగితాలు సర్దుకుంది. ఆమెకు ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం ఆమె చదువులో ఉండి ఉండదు.

కింద వరండాలో కోటు వేసుకున్న ఒకాయనను నేను పట్టుకున్నాను. ఆసుపత్రిలో లెక్కలు చూసే పెద్దమనిషి. అంతా ఉచితమని గోడ మీద రాసి మళ్ళీ ఈ వాటా ఏమిటని అడిగాను. ఆయన ఓపికగానే చెప్పాడు. అంతా ఊరికే ఇస్తే జనం అవసరం లేకపోయినా వచ్చేస్తారట. చేతి నుంచి కొంత పోతేనే మనిషి ఆలోచించి వస్తాడట. ఎంత నిజం. మా వైపు జనం అదే పనిగా, పంట పని అయిపోయి తీరిక దొరికితే చాలు, పిల్లాపాపలతో బస్సెక్కి వచ్చి నరాల్లో తీగ వేయించుకుని పోతారు. జాతరకు జాతరకు ఒక మోకాలు కోయించుకోకపోతే వాళ్ళకు తోచదు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, "మీరు భలే మాట్లాడతారండీ," అని భుజం తట్టి పోయాడు.

అక్క మెట్ల మీద కూర్చుని ఉంది.

"కడదాం," అంది. ఒకటే మాట.

నా దగ్గర ఉన్నది రాగి. కాలిన మోటార్లలోంచి పీకిన తీగను ఏళ్ళ తరబడి గోనెసంచుల్లో దాచి పెట్టాను, ముసలితనంలో పనికొస్తుందని. ఫోన్ చేసి అంగడి తెరిపించి దాన్ని అమ్మించాను. డబ్బు సాయంత్రానికి వచ్చింది. కౌంటరులో అడ్వాన్సు కట్టి పైకి వచ్చాను. ఇక మిగిలింది బావకు చెప్పడం. నిజం చెబితే ఒప్పుకోడు. అందుకని నాకు వచ్చిన పనే చేశాను.

"బావా, రూలు మారింది."

"ఏం రూలు?"

"వాటా ఎత్తేసినారంట. ఈ పొద్దు మధ్యాన్నమే. రాజధానిలో ఒక పెద్ద ఆఫీసరు ఉండాడంట. వాళ్ళ అత్తకు ఇదే రోగం. ఆయమ్మ మంచం మీద పండుకుని, వాటా కట్టమన్నోని నాలుక మీద వాత పెడతానని పట్టు పట్టిందంట. అల్లుడు భయపడి అప్పటికప్పుడు సంతకం చేసేసినాడు. ఆయమ్మ మడమకు, నీ మడమకు, అందరి మడమలకూ ఉచితం."

బావ నన్ను చాలాసేపు చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడో, ఇంకేదన్నా ఆపుకుంటున్నాడో నాకు తెలియలేదు.

"అత్త వాత పెడతానన్న కాడికి బాగనే ఉండాది," అన్నాడు. "పోయి అక్కకు అన్నం తెచ్చిపెట్టు. పొద్దున నుంచి తినలేదు."

నేను, అక్క కిందికి పోయాం. గేటు బయట హోటల్లో ఆమె సగం అన్నం తిని చెయ్యి కడిగేసింది. ఆమె మొహంలో ఏదో వెలుగు. మడమ ఉంటే ఏ చెప్పు కుట్టించాలో, గట్టు మీద ఎలా నడవాలో మాట్లాడింది. ఆయన మడమ మీద ఊతకర్రతో నిలబడితే, గొర్రెల వాళ్ళు చూసి ఏమంటారో కూడా చెప్పి నవ్వింది. ఆ పుండు పడ్డాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

మేము పైకి వచ్చేసరికి కౌంటరు అమ్మాయి మంచం పక్కన నిలబడి ఉంది. బావ చేతిలో పెన్ను.

"రూలేమీ మారలేదంట బామ్మర్దీ," అన్నాడు. "నువ్వు అడ్వాన్సు కట్టినావంట. పాప చెప్పింది. అడిగితే చెప్పకుండా ఎట్లుంటాది, పాపం."

"ఏం సంతకం పెట్టినావు?" అంది అక్క.

"మోకాలి కింద."

నేను ఆ కాగితం కోసం చెయ్యి చాపాను. అమ్మాయి దాన్ని ఎదకు హత్తుకుంది. "ఆయనే అడిగి పెట్టినారన్నా. నేనేమీ చెప్పలేదు," అంది, కళ్ళు దించుకుని.

"నా కాలు, నా సంతకం," అన్నాడు బావ. "మడమకు పెడితే అది నిలబడతాదో లేదో డాక్టరుకే తెలీదు. ప్రయత్నం చేస్తా అంటాడు. ప్రయత్నాలు నేను చాలా చూసినా. నీ రాగి నీకు ముసిలోడివైతే కావాల రా. నీకు బిడ్డలు గూడా లేరు, చూసేదానికి."

అక్క మంచం దగ్గరికి పోయింది. కొడుతుందనుకున్నాను. ఆ నల్లటి పాదం మీద కప్పిన గుడ్డ మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"నన్నొక మాట అడిగితివా?" అంది. "దినామూ కడిగినదాన్ని నేను. నీకు దీంట్లో సురుకు గూడా లేదు. నాకు దాని ప్రతి వేలూ తెలుసు. నీదంటావే, నీదెట్లయితాది?"

బావ పెన్ను మూత పెట్టి అమ్మాయికి ఇచ్చేశాడు. 

పొద్దున్నే తీసుకుపోయారు. మధ్యాహ్నానికి తీసుకొచ్చారు. దుప్పటి ఒక వైపు నిండుగా, ఒక వైపు చదునుగా ఉంది. అడ్వాన్సు తిరిగి ఇచ్చారు, ఫైలు ఖర్చు అని కొంత పట్టుకుని. ఇంత వాటా కూడా లేకుండా బయటపడ్డావని నేను బావను మెచ్చుకున్నాను. ఆయనకు ఇంకా మత్తు దిగలేదు. "ఔను," అన్నాడు సంతోషంగా.

కుట్లు మాని ఇంటికి పంపే రోజున కౌంటరు అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. డిశ్చార్జి అయ్యే ప్రతి మనిషి చేతా మాట్లాడించి వీడియో తీసి పైకి పంపాలట. బావకు జుట్టు దువ్వమంది. నేను దువ్వాను, కావాలనే మధ్య పాపిట తీశాను.

"పెద్దాయనా, ఈడ మీ తావ ఒక్క రూపాయి గూడా తీసుకోలేదని చెప్పండి. బాగా చూసుకున్నారని చెప్పండి."

బావ గొంతు సవరించుకున్నాడు. ఆయన చదువు ఐదో తరగతి, కానీ మైకు ముందు నిలబెడితే ఎమ్మెల్యేకు తక్కువ కాదు.

"అడ్మిట్ అయినాక నా తావ ఒక్క రూపాయి గూడా తీసుకోలేదు. మంచం ఇచ్చినారు, అన్నం పెట్టినారు, ఆపరేషన్ చేసినారు. అంతా ఉచితం. సర్కారుకు, డాక్టరు సారుకు, ఈ పాపకు నమస్కారం."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు; ఫైలు ఖర్చు పోయింది నా డబ్బులోంచి. నేను అంత నిజం ఎప్పుడూ మాట్లాడి ఎరగను.

"కొంచెం నవ్వుతా చెప్పండి," అంది అమ్మాయి. ఆయన నవ్వుతూ మళ్ళీ చెప్పాడు. వెనక ఎవరో బెడ్‌ప్యాన్ పట్టుకుని పోయారని మూడోసారి చెప్పించింది. మూడోసారి ఇంకా బాగా చెప్పాడు. ఫోన్‌ను నడుము దాకానే పట్టుకుంది. అది చూసి ఆయనే, "కిందికి వద్దులే పాపా, పైకే పెట్టుకో," అన్నాడు.

"అమ్మా, మీరు గూడా ఒక మాట," అంది అక్కతో. "ఇంట్లోవాళ్ళ మాట గూడా ఉండాలంట."

అక్క వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఫోన్ వైపు చూడలేదు. చదునుగా ఉన్న దుప్పటి వైపు చూసింది.

"ఏం చెప్పాల?"

"ఏమీ తీసుకోలేదని."

అక్క ఆ చదును మీద దుప్పటి ముడతలు సరిచేసింది. ఫోన్‌లో సెకన్లు పోతూనే ఉన్నాయి.

"ఏమీ తీసుకోలేదు," అంది.

అమ్మాయి దాన్ని ఒకసారి నడిపించి చూసుకుంది. "ఇంకొంచెం నవ్వింటే బాగుండేది. ఇంగొకసారి తీద్దామా?"

"వద్దు పాపా," అన్నాడు బావ. "ఈమె మా పెండ్లి ఫోటోలో గూడా ఇంతే. పంపీ."

అమ్మాయి వేలు నొక్కి పంపేసింది.

చక్రాల కుర్చీ గేటు దాకానే వస్తుందన్నారు. గేటు దగ్గర దాన్ని వెనక్కి తోసుకుపోయారు. ఆటో రోడ్డుకు అవతల ఉంది. నేను వంగి కూర్చుంటే బావ నా వీపు మీదికి ఎక్కి మెడ చుట్టూ చేతులు వేశాడు.

"బాగా తేలికైనావు బావా," అన్నాను.

నెత్తి మీద ఒకటి కొట్టాడు. ఇద్దరం నవ్వుకున్నాం. అక్క మమ్మల్ని దాటి ముందుకు నడిచి, ఆటోవాడితో బేరం మొదలుపెట్టింది. వాడు పేషెంటు అని ఎక్కువ అడుగుతున్నట్టున్నాడు. "పేషెంటు ఎవరప్పా ఈడ?" అంటోంది ఆమె గట్టిగా. "ఆరోగ్యం బాగుండాది. వీడియోలో గూడా చెప్పినాము."